రెండోసారి వచ్చిన జ్వరం

జనవరి 8, ఆదివారం

నిన్న బావకి సన్మానం. నేను వెళ్లలేదు. వెళ్లనని ముందే చెప్పాను, ఎందుకు వెళ్లనో కూడా చెప్పాను, అయినా చెల్లెలు ఫోన్ మీద ఫోన్ చేసింది.

"వెనక వరసలో కూర్చో అన్నయ్యా, ఎవరూ చూడరు."

ఎవరూ చూడని చోట కూర్చోవడానికి ఉద్యోగం చాలు, రిటైరయ్యాక కూడా దేనికన్నాను. నవ్వింది. నా ఏడుపు దానికెప్పుడూ నవ్వులాటే.

సన్మాన సంచిక ఇవాళ పంపించింది. అట్ట మీద వాడి ఫొటో, చేతిలో కోడిగుడ్డు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని గుడ్లలో పెంచుతాం కదా, అందుకని ఫొటోగ్రాఫర్ పట్టుకోమన్నాడట. ఆ గుడ్డు వంటింటిది. లాబ్ గుడ్డయితే లోపల గాలి ఎంతవరకుందో పెన్సిల్ గీత ఉండాలి. ఇన్ని వందల మంది డాక్టర్లలో ఆ సంగతి ఒక్కడికీ పట్టలేదు.

లోపల నా పని గురించి ఒక వాక్యం ఉంది. "ఈ వ్యాధిలో బాక్టీరియా న్యూరామినిడేస్‌కి కూడా పాత్ర ఉండవచ్చని కొందరు భావించారు." కొందరు అంటే నేను. ఇంకెవరూ లేరు. బహువచనం గౌరవం కోసం వాడాడేమో.

జనవరి 11

చెల్లెలికి జ్వరం. సన్మానం హాల్లో సగం మంది దగ్గుతూనే చప్పట్లు కొట్టారట. ఇన్‌ఫ్లుయెంజా మహానుభావుడికి శాలువా కప్పిన చోటే ఆయన భార్యకి ఇన్‌ఫ్లుయెంజా అంటుకుంది. నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. కానీ ముందొచ్చింది నవ్వే.

"ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టుంది," అంది.

"వాడు ఏమిచ్చాడు?"

"వాడు కాదు, మీ బావ. వైరస్ మాత్రలు మొదలెట్టారు. మొదటిరోజే వేస్తే బాగా పనిచేస్తాయట కదా."

పనిచేస్తాయి. అది నిజమే. వాడు చెప్పాడు కాబట్టి అబద్ధం అయిపోదు.

జనవరి 12

సంచిక మళ్లీ తీశాను. తీయకూడదనుకుంటూనే తీశాను. ఆ ఒక్క వాక్యం ఉన్న చోట ఇది ఉండాల్సింది:

మన గొంతులో, ఊపిరితిత్తుల్లో కణాల పైన సన్నటి చక్కెర పోగులు ఉంటాయి. వైరస్ వాటిని పట్టుకుని కణంలోకి దూరుతుంది. లోపల పిల్లల్ని పెట్టాక బయటికి రావాలంటే అవే పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. అప్పుడు తన దగ్గరున్న ఎంజైమ్‌తో వాటిని కత్తిరించుకుంటుంది. అదే న్యూరామినిడేస్. ఇంతవరకూ బావ పుస్తకంలోనూ ఉంది. లేనిది ఇది: అలాంటి కత్తెరే కొన్ని బాక్టీరియాల దగ్గర కూడా ఉంది. వైరస్ కోసి బోడి చేసిన చోట బాక్టీరియా సుఖంగా అతుక్కుంటుంది. అతుక్కున్నాక తన కత్తెరతో మిగిలింది కోస్తుంది, దాంతో వైరస్ ఇంకా తేలిగ్గా బయటపడుతుంది. ఒకరికొకరు దారి తుడుచుకుంటారు. వైరస్ మాత్రలు వైరస్ కత్తెరనే పట్టుకుంటాయి. రెండో కత్తెర తయారీ వేరు, దానికి ఆ మాత్ర లెక్కలేదు.

ఇది నేను మీటింగుల్లో చెప్పిన ప్రతిసారీ వెనక నుంచి ఎవరో వేళ్లతో కత్తెర ఆడించేవారు. లాబ్‌లో నా పేరే కత్తెరాయన. ఆ పేరు పెట్టింది బావ. అప్పటికింకా బావ కాలేదు, నా పక్క బల్ల మీద పనిచేసే స్నేహితుడు. నా ఇంటికి భోజనానికి వచ్చి, చెల్లెల్ని చూసి, ఏడాదిలో బావయ్యాడు. ఆ తర్వాత మా డైరెక్టర్‌గారికి కుడిభుజమయ్యాడు. నా పేపర్ ఆయన బల్ల మీద పెట్టినప్పుడు పక్కనే ఉన్నాడు. "ఆసక్తికరమే, కానీ గమనించదగినంత కాదు," అన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు.

అప్పట్నుంచి వాడి గుమ్మం తొక్కలేదు. చెల్లెలే వారానికోసారి నా దగ్గరకు వచ్చి వెళుతుంది. వాడు నోటితో ఒప్పుకున్న రోజు వస్తానన్నాను. "మీ ఇద్దరి మధ్యా నేను పోస్ట్‌మాన్‌నయిపోయాను," అంటుంది.

జనవరి 14

ఫోన్ చేయలేదు. నిద్రపోతోందేమో.

జనవరి 15

జ్వరం పోయింది. లేచి కాఫీ పెట్టుకుందట. "వాసన తెలియట్లేదు గానీ వేడి తెలుస్తోంది," అంది. బావ పక్కనుంచి, మీ అన్నయ్యకి చెప్పు, మాత్రలు పనిచేశాయని, అన్నాడట. చెప్పనవసరం లేదు, ఫోన్‌లో వినపడింది.

జాగ్రత్త, మళ్లీ జ్వరం వస్తే నాకు చెప్పు అన్నాను.

"నీకు రావాలనుందా రాకూడదనుందా?" అంది నవ్వుతూ.

ఏం మాట అది. మందులు మానకు అని ఫోన్ పెట్టేశాను. జవాబు లేక కాదు.

జనవరి 17

మళ్లీ వచ్చింది. వణుకుతో వచ్చింది. కఫం తుప్పు రంగులో ఉందట. కుడి పక్క పొడుస్తోందట.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ వరస నాకు తెలుసు. జ్వరం, తగ్గుముఖం, రెండు రోజుల నెమ్మది, తర్వాత వణుకు. వైరస్ దారి తుడిచి పెట్టింది, బాక్టీరియా లోపలికి నడిచింది. నా పేపర్‌లో రెండో బొమ్మ ఇదే.

బావ ఏమంటున్నాడని అడిగాను. పాత జ్వరం తోక అంటున్నాడట.

"నువ్వోసారి మాట్లాడు అన్నయ్యా."

"వాణ్ని చేయమను."

"చిన్నపిల్లలా మీరిద్దరూ."

ఫోన్ పెట్టేసి దాని పక్కనే కూర్చున్నాను. నేను చేస్తే వినడు, వాడంతట వాడు అడిగితేనే వింటాడు, అందుకే ఆగాను. చెల్లెలి మంచి కోసమే ఆగాను. ఒక్కరోజుకి ఏం కాదు.

జనవరి 18, బుధవారం

ఈ రోజు గురించి సావకాశంగా రాయాలి.

పొద్దున్నే గేటు దగ్గర బావ. తల మీద మంకీ క్యాప్, గడ్డం గీసుకోలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. "నీకు అన్యాయం చేశానని చెప్పడానికి రాలేదు," అన్నాడు. "దాన్ని చూస్తే నీ రెండో బొమ్మ గుర్తొచ్చింది. రాత్రంతా అదే. నువ్వొచ్చి చూడు బావా."

ఇన్నేళ్ల తర్వాత బావా అన్నాడు. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు.

దారిలో మందుల షాపు దగ్గర ట్యాక్సీ ఆపించి యాంటీబయాటిక్ కొనిపించాను. మారు మాట్లాడకుండా కొన్నాడు. వాళ్ల ఇల్లు పెద్దగా మారలేదు, గోడల రంగే వేరు. చెల్లెలు రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గనుకున్నాను. ఏడుపు.

"ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి వచ్చారే," అంది. మాట మాటకీ మధ్య కొంచెం ఆయాసం. కొంచెమే.

"ముందు శాంపిల్, తర్వాత మందు," అన్నాను.

"అది వేరే చెప్పాలా," అన్నాడు బావ. మా లాబ్‌లో మొదటిరోజు నేర్పేది అదే. ఒక్క మాత్ర పడినా శాంపిల్ పాడు. మాత్రల స్ట్రిప్ చొక్కా జేబులో పెట్టుకుని గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. కఫం ఒక పట్టాన రాలేదు. చెల్లెలు వేడినీళ్ల ఆవిరి పట్టింది, వీపు నేను తట్టాను. చివరికి వచ్చింది, ఎంత కావాలో అంత. బావ సీసా మూత బిగించి వెలుతురుకెత్తి చూశాడు.

"కల్చర్‌కి రెండు రోజులు పడుతుంది," అన్నాడు. "నీ పరీక్ష సాయంత్రానికి తేలిపోతుంది కదా. పద, మన లాబ్‌కి పోదాం. నువ్వే చెయ్యాలి. నాకు చెయ్యడం రాదు."

నాకు చెయ్యడం రాదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సీసా చుట్టూ పెట్టిన ఐస్ కరిగిపోతుందని హడావుడిగా దిగాం. "నెమ్మదిగా వెళ్లిరండి, నేను బాగానే ఉన్నాను," అంది చెల్లెలు.

ఇప్పుడు లాబ్‌కి పెద్ద మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే. ఏం చెప్పినా సరే సార్ అంటాడని వాడికి సరేసార్ అని పేరు. మమ్మల్ని కలిపి చూసి, సరే అనడం కూడా మర్చిపోయాడు. నా పాత బల్ల ఇచ్చాడు. బావ గొట్టాలు కడిగాడు, నంబర్లు వేశాడు, నీళ్లు మరిగించాడు. నేను కఫం పలచన చేసి రెండు గొట్టాల్లో వేశాను. ఒకదాంట్లో ఉత్తది. రెండోదాంట్లో వైరస్ కత్తెరని ఆపే మందు కలిపి. కోత జరిగితే తెగిపడ్డ చక్కెర రసాయనంతో కలిసి గులాబీ రంగు ఇస్తుంది. కోసింది వైరసే అయితే రెండో గొట్టం తెల్లగా ఉండిపోవాలి.

అంతకుముందు బావ నంబర్లు వెయ్యడానికి జేబులోంచి పెన్ను తీస్తుంటే స్ట్రిప్ కింద పడింది. వాడి నడుం వంగదు. నేనే వంగి తీసి మళ్లీ జేబులో పెట్టాను. "పర్వాలేదే, ఇంకా వంగుతున్నావు," అన్నాడు. "నీ ముందు తప్ప," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. పక్క గదుల్లోంచి పిల్లలు తొంగిచూశారు.

గంట వెచ్చగా ఉంచాం. ఆ గంటలో పాత సంగతులన్నీ తీశాడు. గుడ్ల బుట్ట మెట్ల మీద జారిన రోజు. డైరెక్టర్‌గారి విగ్గు. తర్వాత మరిగించి, చల్లార్చి, చూశాం.

రెండు గొట్టాలూ గులాబీ. మందు వేసినదాంట్లో రంగు వీసమెత్తు తగ్గలేదు.

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పిందే బావా," అన్నాడు. "నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను, గమనించదగినంత కాదని."

ఆ మాటకి ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో, ఒక్కటీ వాడకుండా మందు వేసిన గొట్టం అతని చేతికిచ్చాను. కిటికీ దగ్గర ఆ గొట్టం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం, రంగు మీద వెలుతురు పోయేదాకా.

అతను ఇంటికి వెళ్లాడు, నేను నా ఇంటికి. ఇంత ఆనందంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు. వెంటనే రాయాలని కూర్చున్నాను. ఫోన్ మోగుతోంది. చెల్లెలే అయ్యుంటుంది, గెలిచావా అని అడగడానికి.

జనవరి 19

ఆసుపత్రి. పెదాలు నీలం. ముక్కు మీద ఆక్సిజన్.

జనవరి 20

బావ వెళ్లేసరికి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉందట. మాట తేడాగా వస్తోందట. మాత్ర అప్పుడే వేశాడట. మింగలేక మింగిందట.

జనవరి 21

డాక్టరమ్మ చిన్నది. మా ఇద్దర్నీ చూసి, మొదటి డోసు ఎప్పుడు పడిందని అడిగింది. మేనకోడలు పక్కనే ఉంది. పొరుగూళ్లో కళ్లజోళ్ల షాపు దానిది, కొట్టు మూసి వచ్చేసింది.

"రాత్రి ఇంటికెళ్లాక," అన్నాడు బావ. "పొద్దున్నే కొన్నాను. నా జేబులోనే ఉండిపోయింది. నేనే మర్చిపోయాను."

"రోజంతానా?" అంది మేనకోడలు.

"రోజంతా."

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. కింద ఎవరో స్ట్రెచర్ చక్రానికి నూనె వేస్తున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

జనవరి 22

ఆ స్ట్రిప్ ఏ మందుదో నాకెలా తెలుస్తుంది. బీపీ మందు కూడా జేబులోనే పెట్టుకుంటాడు. పెన్ను తీస్తుంటే పడింది, తీసిచ్చాను. ఎవరైనా తీసిస్తారు.

జనవరి 23

వెండి రంగు వెనక, ముందు ఎర్ర అక్షరాలు. కొనిపించింది నేనే.

జనవరి 24

చెల్లెలు పోయింది.

ఫిబ్రవరి 2

మేనకోడలు తండ్రితో మాట్లాడటం మానేసింది. పది మంది ఉండగా అననే అంది: "మందు జేబులో పెట్టుకుని టెస్టు చేసుకోవడానికి వెళ్లాడండీ మా నాన్న. పరీక్ష పాసైంది, అమ్మ పోయింది." అని తన ఊరు వెళ్లిపోయింది. అతను తల వంచుకుని విన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

వాడి తల అలా వంగడం చూడాలని ఎన్నాళ్లు ఎదురుచూశాను. చూశాను.

ఫిబ్రవరి 4

బావ నా ఇంట్లో ఉంటున్నాడు. ఉండమని నేను అనలేదు, ఉంటానని అతనూ అనలేదు. మొన్న సాయంత్రం వచ్చి కూర్చున్నాడు, లేవలేదు. ముందుగదిలో పుస్తకాలు ఒక పక్కకి జరిపి మంచం వేశాను. నా వంటకి వంకలు పెడుతున్నాడు.

ఫిబ్రవరి 6

సరేసార్ ఫోన్ చేశాడు. కఫం ఇంకొంచెం ఫ్రీజర్‌లో మిగిలి ఉందట. ఒకసారి చేసింది లెక్కలోకి రాదు, మళ్లీ చేసి చూపిస్తే అచ్చవుతుంది సార్, మీరెప్పుడొస్తారు, అన్నాడు.

బావతో చెప్పాను.

"చెయ్యి," అన్నాడు. "నీ పేరే ముందు. నా పేరు వెయ్యకపోయినా సరే."

చెల్లెలి ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది ఇక భూమ్మీద అదొక్కటే మిగిలింది. మళ్లీ మూత తీసి, పలచన చేసి, నంబర్ వేసి... కాల్చి పారేయమని సరేసార్‌కి చెప్పాను. "సార్, మీ జీవితమంతా..." అన్నాడు. పారేయమన్నాను. సరే సార్ అన్నాడు.

రాత్రి పుస్తకం పట్టుకున్నాను గానీ ఒక పేజీ కూడా కదల్లేదు. ముందుగదిలో అతను పొడి దగ్గు దగ్గుతూ ఉన్నాడు. ఒక సంగతి ఇప్పుడే తోచింది. నా పని ఏదీ నా పేరుతో అచ్చు కానివ్వని మనిషి, ఈ తప్పు మాత్రం మొత్తం తన పేరునే రాసుకున్నాడు. డాక్టరమ్మ దగ్గర, కూతురి దగ్గర, అందరి దగ్గర. నా పేరు 'కొందరు' అని కూడా వేయలేదు. చిన్న మాట చాలు, "బావ కూడా చూశాడు" అని. అనలేదు. ఇందులోనూ నన్ను బయటే నిలబెట్టాడు.

కాదు. ఇలా రాయకూడదు. దాచాడు. నన్ను దాచాడు.

ఫిబ్రవరి 9, గురువారం

బస్సెక్కి మేనకోడలి షాపుకు వెళ్లాను. బావకి బ్యాంకు పనన్నాను.

గాజు బీరువా వెనక స్టూలు మీద కూర్చుని, సూదంత స్క్రూడ్రైవర్‌తో ఎవరిదో ఫ్రేము బిగిస్తోంది.

"ఏంటి మామయ్యా, కళ్లజోడు విరిగిందా?"

"విరగలేదు. నువ్వా పని ఆపు."

"చేతులు ఖాళీగా ఉంటే నాకు ఏడుపొస్తుంది. చెప్పు, వింటున్నాను."

చెప్పాను. "ఆ స్ట్రిప్ లాబ్‌లో కింద పడింది. నేనే తీసి మీ నాన్న జేబులో పెట్టాను. పేరు చదివాను కూడా. చదివి పెట్టాను. అప్పటికింకా పరీక్ష మొదలు కూడా కాలేదు. ఒక్క మాట అని ఉంటే ట్యాక్సీలో వెనక్కి వెళ్లేవాడు. ముందు రోజు కూడా అంతే. రెండోసారి జ్వరం ఏంటో నాకు తెలుసు. మీ నాన్న వచ్చి అడగాలని కూర్చున్నాను."

స్క్రూ తిప్పుతూనే ఉంది. అది బిగిసిపోయి చాలాసేపైంది.

"నాన్న నీ పేరు ఎత్తలేదే."

"ఎత్తడు. ఆయనకి పంచుకునే అలవాటు లేదు."

నవ్వబోయి ఆగింది. ఫ్రేము పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఎవరో వచ్చి కళ్లజోళ్ల ధర అడిగితే సాయంత్రం రమ్మంది. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఆ రోజు మధ్యాహ్నం నేను అమ్మకి ఫోన్ చేశాను మామయ్యా. ఆయాసపడుతూ మాట్లాడింది. నాన్నేడీ అంటే, మీ మామయ్యతో కలిసి లాబ్‌కి వెళ్లాడే, ఇద్దరూ ఒకే కారెక్కి వెళ్లారు, కిటికీలోంచి చూశాను, అంది. ఆ సంబరం ఏం చెప్పను. మందేసుకున్నావా అన్నాను. మీ నాన్న జేబులో ఉండిపోయింది, వచ్చాక వేసుకుంటాలే, అంది."

తను పక్కన పెట్టిన ఫ్రేము నేను చేతిలోకి తీసుకున్నాను.

"ఫోన్ చేసి రమ్మంటానన్నాను. వద్దంది. 'ఇప్పుడు పిలిచావంటే, మందు నువ్వు మర్చిపోయావంటే నువ్వు మర్చిపోయావని మళ్లీ మొదలెడతారు. సాయంత్రం దాకా ఉండనీవే వాళ్లని,' అంది. నేను కూడా సరేనన్నాను. కొట్లో జనం ఉన్నారు. సరేనని పెట్టేశాను."

చెంపలు తుడుచుకుంది, అదే గుడ్డతో.

"నాన్నతో ఎలా మాట్లాడను? ఎదురుగా కూర్చుంటే ఇది నోట్లోంచి వచ్చేస్తుంది. అమ్మ తెలిసే ఊరుకుందని ఆయనకి తెలిస్తే బతుకుతాడా? కోపంగా ఉన్నట్టుంటేనే తేలిక."

బావని ఒక్క దెబ్బతో కూలదోసే మాట కోసం నేను జీవితమంతా వెతికాను. చదివిన చదువంతా దానికే వాడాను. దొరికింది. కళ్లజోళ్ల షాపులో, నా మేనకోడలి నోటి నుంచి.

"చెప్పకు," అన్నాను.

"నువ్వు?"

"నేను అసలే చెప్పను."

బస్సు దాకా వచ్చింది. కిటికీలోంచి నీళ్ల సీసా ఇచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి బావ గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బ్యాంకు పని కాదని అతనికి తెలుసు.

"ఏమంది?"

"నాన్న సరిగ్గా తింటున్నాడా అని అడిగింది."

అతను గేటు గడియ తీశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు.

"నువ్వేమన్నావు?"

"తింటున్నాడు, కూరలో ఉప్పు చాలట్లేదని సణుగుతున్నాడు అన్నాను."

"చాలట్లేదు మరి," అన్నాడు బావ. అని లోపలికి దారి ఇచ్చాడు.